ఉత్తరం కిటికీలో వెన్నాకు

రాజమండ్రిలో తాతాజీ ఇంటికి కిటికీలు పదకొండు. వాటిలో ఉత్తరం వైపు తెరుచుకునేది ఒక్కటే. అది దేవుడి గదిలో ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రీ ఏ ముహూర్తాన దాన్ని అక్కడ పెట్టాడో గానీ, యాభై ఆరేళ్ళు నిండిన మనిషి కట్టుకున్న భార్యకి పరమశివుడి పేరు చెప్పి అబద్ధం ఆడాల్సి వచ్చిందంటే కారణం ఆ కిటికీయే.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. తాతాజీకి ఆ పేరు ముసలితనం వల్ల వచ్చింది కాదు, బారసాల నాడే పెట్టారు. ఆయన భార్య పేరు పాపాయి. వరుడు తాతాజీ, వధువు పాపాయి అని శుభలేఖలో చదివి, ఈ పెళ్ళి ఆపించాలా అని ఒకరిద్దరు బంధువులు నిజంగానే ఆలోచించారట. అది జరిగి ముప్ఫై ఏళ్ళయింది. ఆ ఇంట్లో పెద్దరికమంతా పాపాయిదే.

తాతాజీ ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. అదే కాలేజీలో బోటనీ చెప్పే లోకనాథ్ ఆయన స్నేహితుడు. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నారు, ఒకరి కూర ఒకరు తిన్నారు. లోకనాథ్‌కి ఒక పిచ్చి ఉండేది. మెక్సికో కొండల్లో, సున్నపురాళ్ళ సందుల్లో మొలిచే ఒక జాతి మొక్కల్ని తెప్పించి పెంచేవాడు. ఇంగ్లీషులో వాటిని బటర్‌వర్ట్ అంటారు. ఆకు మీద వెన్న రాసినట్టు జిగురుంటుంది. దాని మీద వాలిన సన్న దోమ అక్కడే అంటుకుపోతుంది, ఆకు దాన్ని నిదానంగా అరిగించుకుంటుంది. మనకంటూ ఓ పేరుండాలని లోకనాథ్ వాటికి వెన్నాకు అని పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో నలభై ఒక్క కుండీలుండేవి. ప్రతి కుండీలోనూ పేరు రాసిన చీటీ గుచ్చి ఉండేది.

కిందటి మాఘమాసంలో లోకనాథ్ గుండెపోటుతో పోయాడు.

ఆయన భార్య చిన్నమ్మాయి అంత దుఃఖంలోనూ మొక్కల్ని మర్చిపోలేదు. అదే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషి ఆవిడ. మొక్క వాడితే నీళ్ళు పోయాలి, ఇంకా వాడితే ఇంకా పోయాలి. నీళ్ళెక్కువై చచ్చే మొక్క ఒకటుంటుందని డెల్టాలో పుట్టినవాళ్ళకి ఎవరు చెప్పినా చెవికెక్కదు. లోకనాథ్ వేసిన ఇసుకా, రాళ్ళపొడీ చూసి, పాపం ఇందులో ఏం బలం ఉంటుందని ఆవిడ ఒండ్రుమట్టి తెప్పించి వేసింది. వేరుశనగ చెక్క నానబెట్టి పోసింది. పూటకో చెంబు నీళ్ళు పోసింది. మూడు వారాల్లో నలభై కుండీలు కుళ్ళిపోయాయి.

నలభై ఒకటోది బతికింది. అది కూలర్ వెనక్కి దొర్లిపోయి ఎవరి కంటా పడలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు కాబట్టి బతికింది. ఈ సంగతి తాతాజీకి తెలుసు. తెలిసినా ఆయన దానిలోంచి ఏమీ నేర్చుకోలేదు.

చిన్నమ్మాయి ఆ కుండీనీ, లోకనాథ్ రాసుకున్న లావుపాటి నోట్‌బుక్‌నీ తెచ్చి తాతాజీ చేతుల్లో పెట్టింది.

"అన్నయ్యగారూ, నా చేతులతో నేనే అన్నిట్నీ చంపేశాను. ఇదొక్కటీ మీరు బతికించండి. వచ్చే మాఘంలో ఆయన సంవత్సరీకం నాటికి ఒక్క పువ్వు పూస్తే చాలు, ఫొటో ముందు పెట్టుకుంటాను."

"పూయిస్తానమ్మా" అన్నాడు తాతాజీ. ఆ మాట అనేటప్పుడు ఆయనకి మొక్కల గురించి తెలిసిందల్లా మధ్యాహ్నం భోజనాల దగ్గర సగం చెవితో విన్నదే.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిచాడు. మొదటి పేజీలో లోకనాథ్ చేతిరాత కనబడింది. అటెండెన్సు రిజిస్టర్లో ఇరవై రెండేళ్ళు రోజూ చూసిన చేతిరాత. వెంటనే మూసేసి బీరువా మీద పెట్టేశాడు. "అన్నేళ్ళు వాడి పక్కన కూర్చున్నవాణ్ణి, వాడి మొక్క పెంచడానికి నాకు పుస్తకం కావాలా" అని పైకి అన్నాడు. అసలు సంగతేంటంటే, ఆ అక్షరాలు చూడగానే ఆయనకి ఏడుపొచ్చింది.

భోజనాల దగ్గర విన్నదాంట్లో గుర్తున్నది ఇదీ: మొక్కకి ఎండ నేరుగా తగలకూడదు, వెలుతురు మాత్రం దండిగా కావాలి. అంటే ఉత్తరం కిటికీ కావాలి. అంటే దేవుడి గది కావాలి. ఆ గదిలోకి స్నానం చెయ్యకుండా ఈగ కూడా వెళ్ళడానికి వీల్లేదు. అలాంటి చోట పురుగుల్ని తినే మొక్కని పెడతానంటే పాపాయి ఏమంటుందో ఆయనకి తెలుసు. అందుకని అడగలేదు, కల్పించాడు.

"ఏంటండీ అది?" అంది పాపాయి.

"కైలాస పర్వతం దగ్గర మొలిచే మొక్క. శివుడికి మహా ఇష్టం. లోకనాథ్ యాత్రకెళ్ళిన వాళ్ళ చేత తెప్పించాడు."

"పేరేంటి?"

"వెన్నాకు."

"వెన్న కృష్ణుడికి కదండీ. శివుడికెందుకు?"

తాతాజీ కాస్త ఆలోచించాడు. "కైలాసంలో చలి కదా. అక్కడైతే కరగదు."

పాపాయి ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహం చదవడం ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. అయినా ఆ రోజు ఇంకేమీ అడగలేదు. "స్నానం చేసి పట్టుకెళ్ళి పెట్టండి" అంది.

వేసవి వచ్చింది. రాజమండ్రి వేసవి సంగతి కొత్తగా చెప్పేదేముంది. తాతాజీ పడగ్గదిలోని టేబుల్ ఫ్యాను తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టి, రోజంతా తిప్పాడు. దేవుళ్ళకి ఉక్కపోస్తోందన్నాడు. కుళాయి నీళ్ళు పడవని గుర్తొచ్చి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు క్యాన్లు తెచ్చాడు.

"ఇన్ని నీళ్ళెందుకండీ?"

"ఇన్వర్టర్‌కి. ఎండలకి బాగా తాగేస్తోంది."

"కరెంటు పోయి పది రోజులైంది కదా. ఏ పనీ చెయ్యకుండానే అంత దాహమా దానికి? మీ బంధువులా ఉంది."

వానలు పడ్డాక మొక్క కోలుకుంది. ఆకులు ఒకదాని కింద ఒకటి విచ్చుకుని అరచేతి వెడల్పయింది. లేత ఆకుపచ్చ మీద గులాబీ జీర వచ్చింది, ఒళ్ళంతా సన్నటి జిగురు బొట్లు పట్టాయి. సాయంత్రం దీపానికి వచ్చిన సన్న దోమలు దాని మీద వాలి అక్కడే ఆగిపోయేవి. తాతాజీ పొద్దున్నే లేచి వాటిని లెక్కపెట్టుకుని, ఆ వేళ మొక్క కడుపు నిండిందని సంతోషపడి, అప్పుడు కాఫీ తాగేవాడు.

"ఈ నల్ల చుక్కలేంటండీ?" అంది పాపాయి ఓ రోజు.

"పుట్టుమచ్చలు."

"పుట్టుమచ్చకి రెక్కలున్నాయేంటి?"

"కైలాసంలో అలాగే ఉంటాయి."

పాపాయి మాట్లాడకుండా హారతి పళ్ళెం అందుకుంది. ఆవిడ మాట్లాడనప్పుడే తాతాజీకి ఎక్కువ భయం.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో కార్తీకమంటే కార్తీకమే. నెల్లాళ్ళూ నీచు ఉండదు, ఉల్లి ఉండదు, వెల్లుల్లి ఉండదు. తెల్లవారకుండా పాపాయి, పక్కింటి రత్తమ్మ గారూ కలిసి గోదావరి స్నానానికి వెళతారు. సోమవారాలు నక్షత్రం కనబడేదాకా ఉపవాసం. తాతాజీ కూడా పాటిస్తాడు, ఎందుకంటే వండేది పాపాయి.

ఆ మొదటి వారంలోనే మొక్క చిక్కిపోవడం మొదలెట్టింది. పెద్ద ఆకులు ఒక్కొక్కటే గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి. మధ్యలో చిన్న చిన్న బొద్దు ఆకుల గుత్తి మాత్రం మిగిలింది. అరచేయంత ఉన్నది రూపాయి బిళ్ళంత అయింది. జిగురు పోయింది, గులాబీ జీర పోయింది. తాతాజీకి అన్నం సయించలేదు.

కూర్చుని తర్కించుకున్నాడు. దేవుడి గదిలో రెండు పూటలా సాంబ్రాణి, కర్పూరం, అగరొత్తులు. ఆ పొగకి ఒక్క దోమ లోపలికి రావడం లేదు. దోమ రాకపోతే మొక్కకి తిండి లేదు. తిండి లేకే చిక్కిపోయింది. కాబట్టి పాపాయి పట్టిన కార్తీకం లోకనాథ్ మొక్కని చంపేస్తోంది. ఇందులో ఎక్కడా తప్పు కనబడలేదాయనకి.

మొక్కకి మనమే తిండి పెట్టాలని తీర్మానించుకుని, మర్నాడు ఎండుచేపల బజారుకి వెళ్ళి పావుకిలో రొయ్యపొట్టు కొన్నాడు.

"కార్తీకంలో తమరేంటండీ?" అంది అమ్మే ఆవిడ.

"నాక్కాదమ్మా."

"అందరూ అలాగే అంటారండి" అని ఆవిడ రెండు కవర్లలో కట్టి ఇచ్చింది.

రొయ్యపొట్టు పొడి చెయ్యాలి. పాపాయి గోదావరికి వెళ్ళిన వేళ చూసి, ఆవిడ మిక్సీ జార్లో వేసి తిప్పాడు. జారు సబ్బుతో కడిగాడు, నిమ్మచెక్కతో రుద్దాడు, మళ్ళీ కడిగాడు. పొడి ఓ డబ్బాలో పోసి, పాత ఇన్‌కంటాక్స్ ఫైళ్ళ వెనక దాచాడు. ఆ ఫైళ్ళ జోలికి ఆ ఇంట్లో ఎవరూ రారని ఆయన ధైర్యం. తరవాత పళ్ళు కుట్టుకునే పుల్లతో చిటికెడు పొడి తీసి ఆకుల మీద చల్లాడు. జిగురు లేక నిలవలేదు. అందుకని పైన నాలుగు చుక్కల నీళ్ళు వేశాడు. "తినరా" అన్నాడు. ఎవర్ని అన్నాడో ఆయనకే తెలియాలి.

రెండో సోమవారం సాయంత్రం నక్షత్రం చూసి, పాపాయీ రత్తమ్మ గారూ ఉపవాసం విడవడానికి కూర్చున్నారు. దోసెలు, కొబ్బరి పచ్చడి. రత్తమ్మ గారు పెద్దావిడ, నలభై కార్తీకాలు చేసిన మనిషి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపేసింది.

"ఈ కొబ్బరి ఎక్కడిదే పాపాయీ?"

"మామూలుగా కొన్నదేనండి పిన్నిగారూ. ఏం?"

"ఏం లేదు. సముద్రానికి బాగా దగ్గర్లో కాసినట్టుంది" అని లేచి, పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించి, ఇంటికెళ్ళి మళ్ళీ తలంటు పోసుకుంది.

పాపాయి జారు తీసి వాసన చూసింది. మూత తీసి మళ్ళీ చూసింది. మర్నాడు రత్తమ్మ గారి పిల్లి వచ్చి దేవుడి గది గుమ్మం ముందు కూర్చుంది. ఆ మర్నాడు కూడా వచ్చింది. కళ్ళు అరమోడ్చి, తోక ఒంటి చుట్టూ చుట్టుకుని, రెండు పూటలా హారతి అయ్యేదాకా కదల్లేదు. దానికి భక్తి పుట్టిందని తాతాజీ అన్నాడు. మూడో రోజుకి చీమలు కిటికీ అంచు వెంట బారులు తీరాయి. మొక్క మీద బూడిదరంగు బూజు కనబడింది. నీరసానికి వచ్చిందేమోనని తాతాజీ నీళ్ళు ఇంకాస్త పెంచాడు.

ఆ సాయంత్రం పాపాయి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ కుర్చీ వేసుకుందంటే అది చిన్న విషయం కాదు.

"నన్ను చూసి నిజం చెప్పండి. ఈ ఇంట్లోకి రొయ్యలు వచ్చాయి. ఎవరి కోసం వచ్చాయి?"

తాతాజీకి రెండు దారులు కనబడ్డాయి. మొక్క కోసం అని చెప్పొచ్చు. చెబితే శివుడి మొక్క రొయ్యలు తింటుందని తెలిసిపోతుంది, మొక్క బయటికి పోతుంది, ఇంకో ఉత్తరం కిటికీ లేదు, మాఘానికి పువ్వు ఉండదు. చిన్నమ్మాయికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. లోకనాథ్ క్యారేజీలోంచి వంకాయకూర తీసి తన కంచంలో వెయ్యడం గుర్తొచ్చింది.

"నేనే తిన్నాను" అన్నాడు.

"మీరే తిన్నారా?"

"నేనే. ఉండబట్టలేకపోయాను."

పాపాయి చాలాసేపు ఆయన్నే చూసింది. ఆవిడ మొహంలో కోపం కాక ఇంకేదో ఉందనిపించింది గానీ, తాతాజీ తల దించుకుని ఉన్నాడు కనక సరిగ్గా చూడలేదు.

"అయితే ఆదివారం కోరుకొండ వెళ్ళి, మెట్లన్నీ ఎక్కి, స్వామికి తప్పు చెప్పుకుని రండి. ఆరొందల చిల్లర మెట్లు. కూర్చోకుండా ఎక్కాలి."

"మోకాళ్ళు, పాపాయీ."

"రొయ్యలు తినేటప్పుడు మోకాళ్ళు గుర్తురాలేదా?"

ఆదివారం తాతాజీ కోరుకొండ ఎక్కాడు. చెయ్యని తప్పుకి, ఎండలో, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ప్రతి పాతిక మెట్లకీ ఒకసారి లోకనాథ్‌ని తిట్టుకున్నాడు. పైకి చేరాక నరసింహస్వామికి దణ్ణం పెట్టి, "నేను తినలేదన్న సంగతి నీకు తెలుసు. ఆ మొక్కని మాత్రం బతికించు" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికి కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

చేరగానే దేవుడి గదిలోకి వెళ్ళి చూస్తే, మొక్క నిగనిగలాడుతోంది. బూజు లేదు, చీమలు లేవు. ఆకుల గుత్తి పొద్దుటికంటే కొంచెం బొద్దుగా, గట్టిగా, కాస్త నీలిరంగు తిరిగి కూడా ఉంది. కొండ మీద స్వామి ఇంత త్వరగా పలుకుతాడని ఆయన అనుకోలేదు.

"చూశావా పాపాయీ."

"చూస్తూనే ఉన్నాను" అంది పాపాయి.

ఆ తరవాత తాతాజీ సేవ రెట్టింపైంది. రోజూ చిటికెడు రొయ్యపొడి, నాలుగు చుక్కల నీళ్ళు. మొక్క మీద పొడి వేశాక వేళ్ళకి కాస్త అంటుకునేది. మొదట్లో కడుక్కున్నాడు. తరవాత ఓ రోజు ఆలోచన వచ్చింది. తిన్నానని ఒప్పుకున్నాను, శిక్ష కూడా పూర్తయింది, తినడం ఒక్కటే బాకీ ఉండిపోయింది కదా అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. రెండు వారాలుగా పొట్లకాయకూర తింటున్న నాలుక అది. ఆ తరవాత ఏం జరిగిందో డబ్బాకీ ఆయనకీ మాత్రమే తెలుసని ఆయన అనుకున్నాడు.

కార్తీకం అయిపోయింది, మార్గశిరం, పుష్యం కూడా వెళ్ళాయి. మొక్క లావెక్కింది గానీ మొగ్గ వెయ్యలేదు. మాఘం వచ్చాక తాతాజీ పొద్దున్న లేవగానే భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళేవాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ఎదురు కుర్చీ చూసి, సగం తిని మూసేసేవాడు. లోకనాథ్ పోయిన బహుళ పంచమికి పది రోజులుందనగా మొగ్గ లేదు. మూడు రోజులుందనగా కూడా లేదు.

ముందు రోజు పొద్దున్న పాపాయి పూజకి వెళ్ళేసరికి, ఆయన గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు. పిల్లి కూర్చున్న చోటే.

"అది శివుడి మొక్క కాదు పాపాయీ" అన్నాడు. "కైలాసమూ కాదు. అది పురుగుల్ని తింటుంది. పుట్టుమచ్చలు కావు, దోమలు. రొయ్యలు దానికే పెట్టాను. నువ్వు బయట పడేస్తావని చెప్పలేదు. నీ పూజ గదిని పాడు చేశాను. పోనీ పువ్వైనా పూయించానా అంటే అదీ లేదు. ఉన్నది ఒక్కటే. వాడి మొక్కల్లో మిగిలింది ఆ ఒక్కటే, అది నా చేతిలో పెట్టింది ఆ అమ్మాయి. రేపు నేను వాళ్ళింటికి ఏ మొహంతో వెళ్ళను?"

లోకనాథ్ పోయిన రోజున కూడా అందరి ముందూ నిబ్బరంగా నిలబడ్డ మనిషి, ఏడాదికి ఇప్పుడు ఏడ్చాడు.

పాపాయి పూజ ఆపి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో ఆయన కళ్ళద్దాలు తుడిచి చేతికిచ్చింది.

"ఉన్న మొహంతోనే రండి. రేపు మనిద్దరం వెళ్దాం" అంది.

మర్నాడు చిన్నమ్మాయి ఇంట్లో కార్యక్రమం అయ్యాక, తాతాజీ ఫొటో వైపు చూడలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పాపాయి మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఫొటో ముందు పెరుగు ముంత ఒకటుంది. అందులో ఇసుక, ఇసుకలో రూపాయి బిళ్ళంత ఆకుల గుత్తి, గుత్తి మధ్యలోంచి దారంలా లేచిన రెండు కాడలు. ఒక్కో కాడ చివరా ఒక్కో ఊదారంగు పువ్వు తల వంచుకుని ఉంది. పక్కనే స్టీలు పళ్ళెంలో తడి ఇసుక, దానిలో చిటికెన వేలి గోరంత పిల్లమొక్కలు ఏడు.

తాతాజీ ముంత మీదికి వంగి చూశాడు. "ఇదెక్కడిది?" అన్నాడు.

"ఇదే లోకనాథ్ అన్నయ్యగారిది" అంది పాపాయి. "మీరు కోరుకొండ మెట్లెక్కుతున్నప్పుడు నేను దీన్ని కుండీలోంచి తీసి ఇక్కడికి తెచ్చేశాను. బూజు పట్టిన ఆకులు తీసేసి, మంచి ఆకులు ఏడు మొదలంటా ఒలిచి ఇసుక మీద పరిచాం. ఒక్కో ఆకుకీ ఒక్కో పిల్ల వచ్చింది. తల్లిని కూలర్ వెనక పెట్టాం. కిందటిసారి అక్కడే బతికింది కదా."

"మరి మనింట్లో ఉన్నది?"

"అదా. కడియంలో దొరబాబు నర్సరీది. ఫోన్లో దీని ఫొటో చూపించి, చూడ్డానికి ఇలాగే ఉండేది ఏదైనా ఇవ్వమన్నాను. సక్యులెంట్ అని ఏదో బొద్దాకుల మొక్క ఇచ్చాడు, మన కుండీలోనే నాటాను. మీరు నీళ్ళు పోస్తారని కుండీ అడుగున రెండు చిల్లులు ఎక్కువ పెట్టించాను."

తను పుల్లతో తినిపించింది, మూణ్ణెల్లు సేవ చేసింది కడియం మొక్కకా అని తాతాజీ లోపల్లోపలే లెక్క చూసుకున్నాడు. భూతద్దం కూడా గుర్తొచ్చింది.

"నీకెలా తెలుసు ఇదంతా?"

"దసరాకి బీరువా దులిపినప్పుడు నోట్‌బుక్ దొరికింది. చదివాను. మీరు చదవలేరని నాకు తెలుసు. చలికాలం వస్తే అది పెద్దాకులు రాల్చేసి, చిన్నాకులు వేసుకుని, తిండి మానేసి, నీళ్ళు కూడా ముట్టకుండా పడుకుంటుందట. చావు కాదట, నియమమట. సరిగ్గా కార్తీకానికే. అలాంటిదాన్ని దేవుడి గదిలోంచి నేనెందుకు తీసేస్తానండీ? నెల్లాళ్ళూ నియమంగా ఉంది నేనూ అదీనే. మధ్యలో మీరొచ్చి దాని నోట్లో రొయ్యలు కుక్కారు."

"మరి ఆ రోజు కుర్చీ వేసుకుని అడిగావే."

"నిజం చెబుతారేమోనని అడిగాను. మీరు మొక్కని కాపాడ్డానికి చెయ్యని తప్పు నెత్తినేసుకున్నారు. అందుకే ఆరొందల మెట్లతో వదిలేశాను."

చిన్నమ్మాయి ముంత దగ్గర కూర్చుని ఉంది. పువ్వు మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టింది.

"రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకుని దీని దగ్గరికి వచ్చేదాన్నండి, అన్నయ్యగారూ. ఎండిపోతోందే అని ప్రాణం కొట్టుకునేది. వదినగారు ఆ పేజీ ఫొటో తీయించి గోడకి అంటించారు. అది చదువుకుని, చెంబు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. మూణ్ణెల్లు అలాగే వెళ్ళాను. నలభై చంపినదాన్ని, ఒక్కటి బతికించాను."

తాతాజీ "మంచి పని చేశావమ్మా" అన్నాడు. ఆ మాట సరిపోలేదని ఆయనకి తెలుసు.

వెళ్ళేటప్పుడు చిన్నమ్మాయి పిల్లమొక్క ఒకటి కాగితం కప్పులో పెట్టి పాపాయి చేతికిచ్చింది. తాతాజీ చెయ్యి చాపాడు గానీ, ఆవిడ చూడనట్టే ఇచ్చింది. వీధి అరుగు మీద చెప్పులు వేసుకుంటూ పాపాయి అడిగింది.

"ఒక్క సందేహం ఉండిపోయిందండీ. ఆ మొక్కకి రోజుకి చిటికెడు కదా పెట్టారు?"

"చిటికెడే."

"పుల్లతో?"

"పుల్లతోనే."

"ఇన్‌కంటాక్స్ ఫైళ్ళ వెనక డబ్బా కార్తీకం వెళ్ళేలోపే ఖాళీ అయింది. పావుకిలో. ఎవరు తిన్నారండీ?"

తాతాజీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పాపాయి సంచీలోంచి కనబడుతున్న నోట్‌బుక్ తీసుకుని, ముప్ఫై ఏళ్ళ ఆఫీసు అనుభవంతో, ముఖ్యమైన కాగితం ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు. ఈసారి మూసెయ్యలేకపోయాడు. చివరి పేజీలో, అటెండెన్సు రిజిస్టర్లో ఉండే అదే ఏటవాలు అక్షరాలు.

"నాకేదైనా అయితే ఇవి తాతాజీ దగ్గరికే వెళతాయి. వాడికి ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. చలికాలంలో దీన్ని చూసి హడలిపోయి తిండి పెడతాడు, నీళ్ళు పోస్తాడు. చెబితే వినే రకం కాదు. పాపాయి చెల్లెమ్మకి చెప్పాలి."

తాతాజీ రెండుసార్లు చదివాడు. నోట్‌బుక్ మూసి గుండెకి ఆనించుకున్నాడు. ఏడ్వబోయి నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం రాశారండీ అన్నయ్యగారు?" అంది పాపాయి, ఏమీ తెలియనట్టు.

"ఉత్తరం కిటికీ నీదే అని రాశాడు" అన్నాడు తాతాజీ. కాగితం కప్పు ఆవిడ చేతిలోనే ఉంచి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.